డిస్క్ టైమౌట్ దోషాలు: రెయిడ్ భావనపై ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు

• టైమౌట్ సందేశం ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో వివరించగలుగుతారు.
• 1988 నాటి రెయిడ్ పరిశోధన పత్రం ఏయే ఊహల మీద నిలబడిందో గుర్తించి, వాటి బలాబలాలను అంచనా వేయగలుగుతారు.
• డిస్క్ గడువుకూ సర్వర్ గడువుకూ పొంతన లేనప్పుడు ఒక శ్రేణి ఎలా కూలిపోతుందో దశలవారీగా చెప్పగలుగుతారు.
• లాగ్‌లోని ఆధారాలను బట్టి దోషం ఏ పొరలో ఉందో నిర్ధారించే క్రమాన్ని పాటించగలుగుతారు.

1. పరిచయం

గత భాగంలో రెయిడ్ స్థాయిల గురించి, ప్యారిటీ లెక్క గురించి చదువుకున్నారు. ఒక డిస్క్ పోయినా మిగిలిన డిస్కుల సాయంతో అందులోని సమాచారాన్ని తిరిగి రాబట్టవచ్చునని అక్కడ తెలుసుకున్నారు. ఈ భాగంలో ఆ వాక్యంలోని ఒకే ఒక్క మాటను పరీక్షకు పెడుతున్నాం. అది 'పోయినా' అన్న మాట. డిస్క్ పోయిందని ఎవరు చెప్పారు? ఏ ఆధారంతో చెప్పారు?

సర్వర్ గదిలో పనిచేసేవారిని పూర్తిగా ఆగిపోయిన డిస్క్ అంతగా ఇబ్బంది పెట్టదు. దాన్ని తీసి కొత్తది పెడతారు. ఇబ్బంది పెట్టేది వేళకు జవాబు ఇవ్వని డిస్క్. అలాంటి రోజు లాగ్ తెరిస్తే వరసగా మూడు సందేశాలు కనిపిస్తాయి. ఆదేశం గడువు దాటింది అని మొదటిది. లింకును రీసెట్ చేస్తున్నాను అని రెండవది. ఫలానా డిస్క్‌ను శ్రేణి నుంచి తొలగించాను అని మూడవది. మూడవ సందేశం చదవగానే చేయి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. ఆ శ్రేణిలో ఒక కళాశాల పదేళ్ల మార్కుల పట్టికలు ఉండవచ్చు, ఒక ఆసుపత్రి రోగుల రికార్డులు ఉండవచ్చు. అప్పుడు మీరు చేసే మొదటి పని మీదే వాటి భవిష్యత్తు ఆధారపడుతుంది.

ఈ భాగం చేసే వాదన ఇది: టైమౌట్ అనేది ఎదురుచూసినవాడి ఓపిక అయిపోయిందని తెలిపే సందేశం మాత్రమే. డిస్క్ పరిస్థితి గురించి అది నేరుగా ఏమీ చెప్పదు. రెయిడ్ భావన మాత్రం 'ఏ డిస్క్ చెడిందో కంట్రోలర్‌కు తెలుసు' అన్న నమ్మకం మీద కట్టినది. ఆ తెలివిడి ఉండవలసిన చోట టైమౌట్ అనే ఊహను కూర్చోబెట్టడం వల్లనే చాలా శ్రేణులు అవసరం లేకుండా కూలుతున్నాయి.

2. టైమౌట్ సందేశాన్ని చదవడం

దూరవిద్య విద్యార్థులైన మీకు బాగా తెలిసిన ఉదాహరణతో మొదలుపెడదాం. మీరు అసైన్‌మెంటును రిజిస్టర్డ్ పోస్టులో అధ్యయన కేంద్రానికి పంపారు. పది రోజుల్లో అక్నాలెడ్జిమెంటు కార్డు తిరిగి వస్తుందనుకున్నారు. రాలేదు. ఇప్పుడు మీకు కచ్చితంగా తెలిసిన విషయం ఒక్కటే: పది రోజుల్లో కార్డు రాలేదు. కవరు దారిలో తప్పిపోయి ఉండవచ్చు. కేంద్రంలో గుమాస్తా సెలవులో ఉండవచ్చు. కవరు బల్ల మీద కట్టలో తన వంతు కోసం చూస్తూ ఉండవచ్చు. అసైన్‌మెంటు క్షేమంగా చేరి, వెనక్కి వచ్చే కార్డు మాత్రమే పోయి ఉండవచ్చు. ఈ నాలుగింటిలో ఏది జరిగినా మీ వైపు నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తుంది.

సర్వర్‌లోనూ ఇంతే. ఒక ప్రోగ్రాం ఫైలు అడిగితే ఆ కోరిక ఫైల్ సిస్టమ్, రెయిడ్ పొర, స్కజీ పొర, కంట్రోలర్ డ్రైవర్, కంట్రోలర్ కార్డు, కేబులు, బ్యాక్‌ప్లేన్ మీదుగా డిస్క్‌కు చేరుతుంది. జవాబు అదే దారిన వెనక్కి రావాలి. లినక్స్‌లో స్కజీ పొర ప్రతి ఆదేశానికీ ఒక గడియారం పెడుతుంది. మామూలుగా ఆ గడువు 30 సెకన్లు. ఈలోగా జవాబు రాకపోతే టైమౌట్ సందేశం పుడుతుంది. ఆ సందేశంలో డిస్క్ పేరు ఉంటుంది. కవరు మీద చిరునామా ఉన్నట్టే ఆ పేరు ఉంటుంది. ఆదేశం ఎవరికి పంపారో అది చెబుతుంది. తప్పు ఎవరిదో చెప్పదు.

నాలుగవ అవకాశాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. రాయమని పంపిన ఆదేశం గడువు దాటినంత మాత్రాన రాత జరగలేదని అర్థం కాదు. రాత పూర్తయి, జవాబు మాత్రమే అందకపోయి ఉండవచ్చు. అందుకే టైమౌట్ తరువాత ఆ సెక్టారులో పాత సమాచారం ఉందా, కొత్తది ఉందా అన్నది చదివి చూస్తే తప్ప తెలియదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

గమనిక: సమాధానాన్ని మీ నోటు పుస్తకంలో రాసి, ఈ భాగం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.

లాగ్‌లో ఒక డిస్క్ పేరుతో టైమౌట్ సందేశం కనిపించింది. ఆ ఒక్క సందేశం ఆధారంగా కచ్చితంగా చెప్పగలిగినది ఏమిటి?

3. 1988 పత్రం సాధించినది

1988లో చికాగోలో జరిగిన సిగ్‌మాడ్ సదస్సులో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ ఒక పత్రం సమర్పించారు. రెయిడ్ అన్న మాట అక్కడి నుంచే వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పేరులోని 'ఐ' అక్షరానికి వారు చెప్పిన అర్థం 'చవకైన'. 'స్వతంత్రమైన' అన్న అర్థం తరువాత పరిశ్రమలో వాడుకలోకి వచ్చింది.

వారి ప్రశ్న సూటిగా ఉంది. ఐబీఎం 3380 వంటి పెద్ద, ఖరీదైన డిస్క్ 7,500 మెగాబైట్లు దాస్తుంది. వ్యక్తిగత కంప్యూటర్ల కోసం తయారైన కానర్ సీపీ3100 అనే చిన్న డిస్క్ 100 మెగాబైట్లు దాస్తుంది. 75 చిన్న డిస్కులు కలిపితే అంతే సామర్థ్యం వస్తుంది, వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మరి అందరూ అదే ఎందుకు చేయడం లేదు? కారణం నమ్మకం లేకపోవడం. ఒక్కో డిస్క్ చెడిపోవడానికి సగటున 30,000 గంటలు పడుతుందనుకుంటే, 100 డిస్కుల్లో ఏదో ఒకటి చెడిపోవడానికి పట్టే సగటు కాలం 30,000 ÷ 100 = 300 గంటలు. అంటే పన్నెండున్నర రోజులు. రెండు వారాలకొకసారి సమాచారం పోగొట్టుకునే యంత్రాన్ని ఎవరూ కొనరు.

ఈ చిక్కుకు పరిష్కారంగా వారు ఐదు స్థాయిలను వివరించారు. అందులో రెండవ స్థాయి నుంచి మూడవ స్థాయికి వెళ్ళే మెట్టు దగ్గర ఆగండి. మన విమర్శకు అదే కీలకం. రెండవ స్థాయిలో 10 సమాచార డిస్కులకు 4 తనిఖీ డిస్కులు కావాలి. 25 డిస్కులకైతే 5 కావాలి. ఇన్ని ఎందుకు? తప్పు జరిగిందని కనిపెట్టడానికి ఒక్క ప్యారిటీ డిస్క్ చాలు. కానీ తప్పు ఏ డిస్క్‌లో జరిగిందో తేల్చడానికి మిగతావి కావాలి. మూడవ స్థాయికి వచ్చేసరికి రచయితలు ఒక చక్కని విషయం గమనించారు. ఏ డిస్క్ చెడిందో కంట్రోలర్ ఎలాగూ కనిపెట్టగలదు. డిస్క్ తానే సంకేతం ఇస్తుంది, లేదా సెక్టారు చివర ఉండే తనిఖీ సమాచారం సరిపోలదు. అలాంటప్పుడు దోషిని వెతికే డిస్కులు దండుగ. ఒక్క ప్యారిటీ డిస్క్ చాలు.

మనం ఈనాడు వాడే ఐదవ స్థాయి పొదుపంతా ఈ ఒక్క వాక్యం నుంచి వచ్చింది. దోషి ఎవరో ముందే తెలిస్తే పోయినదాన్ని లెక్కగట్టడం తేలిక. తెలియకపోతే ప్యారిటీ మనకు 'ఎక్కడో తప్పుంది' అని మాత్రమే చెప్పగలదు.

4. పత్రంలోని ఊహలు

ఏ పరిశోధన పత్రాన్నయినా విమర్శించేటప్పుడు అది చెప్పినదానితో పాటు అది ఊహించుకున్నదాన్ని కూడా చూడాలి. ఇక్కడ మూడు ఊహలు ఉన్నాయి.

మొదటిది, డిస్క్‌కు రెండే స్థితులు: పనిచేయడం, చెడిపోవడం. మధ్యలో మరో స్థితి లెక్కలోకి రాలేదు. రెండవది, డిస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడిపోతాయి. మూడవది, ముందు చెప్పుకున్నది: ఏది చెడిందో కంట్రోలర్‌కు తెలుసు.

రచయితల పట్ల న్యాయంగా ఉండాలంటే ఒక విషయం చెప్పాలి. రెండవ ఊహకు హద్దులున్నాయని వారే రాశారు. భూకంపం వచ్చినా, విద్యుత్తు ఒక్కసారిగా ఎగదన్నినా డిస్కులు విడివిడిగా చెడిపోవని ఉదాహరణలు ఇచ్చారు. తమ అంచనాలు డిస్క్ యంత్రభాగానికి మాత్రమే వర్తిస్తాయనీ, మొత్తం సాఫ్ట్‌వేర్‌కూ ఎలక్ట్రానిక్ వ్యవస్థకూ వర్తించవనీ స్పష్టంగా హెచ్చరించారు. తరువాత వచ్చిన పాఠ్యపుస్తకాల్లో స్థాయిల బొమ్మలు ఉన్నాయి, సూత్రాలు ఉన్నాయి. ఈ హెచ్చరిక మాత్రం చాలావాటిలో కనిపించదు. కాబట్టి మన విమర్శలో ఎక్కువ భాగం పత్రం కంటే దాన్ని చదివిన తీరుకే తగులుతుంది.

అయితే మొదటి, మూడవ ఊహల విషయంలో పత్రాన్ని పూర్తిగా విడిచిపెట్టలేం. సంకేతం ఇచ్చి చెడిపోయే డిస్క్ ఉంది, సెక్టారు తప్పుగా చదివే డిస్క్ ఉంది. ఏ సంకేతమూ ఇవ్వకుండా మౌనంగా ఉండిపోయే డిస్క్‌కు ఆ లెక్కల్లో చోటు లేదు. ఆచరణలో ఆ ఖాళీని గడియారంతో పూరించారు. ఇన్ని సెకన్లు పలకకపోతే చెడిపోయినట్టే అన్నారు. 'తెలుసు' అన్న చోట 'అనుకుంటున్నాను' వచ్చి చేరింది.

5. క్షేత్ర పరిశోధనలు చెప్పినవి

ఈ ఊహలను నిజమైన డేటా కేంద్రాల లెక్కలతో పరీక్షించిన అధ్యయనాలు 2007 నుంచి వరసగా వచ్చాయి. నాలుగింటిని చూద్దాం.

(అ) 2007లో బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు 1,00,000 డిస్కుల రికార్డులు పరిశీలించారు. ఈ గిబ్సన్ రెయిడ్ పత్రం రచయితల్లో ఒకరు. తయారీదారుల పట్టికల ప్రకారం ఏడాదికి గరిష్ఠంగా 0.88 శాతం డిస్కులు చెడిపోవాలి. వాస్తవంలో మార్చవలసి వచ్చినవి తరచుగా 2 నుంచి 4 శాతం, కొన్నిచోట్ల 13 శాతం దాకా ఉన్నాయి. ఒక పరిశోధకుడు తన పాత ఊహను తానే తిరిగి తూచడం విద్యార్థులు గమనించదగిన విషయం.

(ఆ) అదే ఏడాది గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించారు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాల్లో, ప్రమాదాన్ని బాగా సూచించే నాలుగు సంకేతాలు చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా వాటిలో అసలు కనిపించలేదు. కాబట్టి స్మార్ట్ వివరాలు చెడుగా ఉంటే నమ్మండి. బాగున్నంత మాత్రాన డిస్క్ బాగుందని నమ్మకండి.

(ఇ) 2008లో వైహాంగ్ జియాంగ్ బృందం 44 నెలల పాటు నమోదైన సుమారు 39,000 నిల్వ వ్యవస్థల, 18 లక్షల డిస్కుల లాగ్‌లను విశ్లేషించింది. నిల్వ ఉపవ్యవస్థల వైఫల్యాల్లో డిస్కుల వాటా వ్యవస్థ రకాన్ని బట్టి 20 నుంచి 55 శాతం. కేబుళ్ళు, అడాప్టర్లు, అరల విద్యుత్తు వంటి భౌతిక అనుసంధానాల వాటా 27 నుంచి 68 శాతం. వైఫల్యాలు విడివిడిగా కాక గుంపుగా వస్తాయని కూడా తేలింది. రెండు దారులతో కలిపిన వ్యవస్థల్లో వైఫల్యాలు 30 నుంచి 40 శాతం తక్కువగా ఉన్నాయి.

(ఈ) 2018లో హర్యాది గునావి బృందం 12 సంస్థల నుంచి 101 సంఘటనలు సేకరించింది. ఇవన్నీ ఆగిపోకుండా నెమ్మదించిన హార్డ్‌వేర్ కథలు. ఒక సంఘటనలో ఒక ఫ్యాన్ ఆగిపోయింది. ఆ లోటు తీర్చడానికి మిగతా ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగాయి. ఆ కంపనానికి డిస్కులు నెమ్మదించాయి. డిస్కుల్లో ఏ లోపమూ లేదు.

మూడవ అధ్యయనాన్ని మన ప్రశ్నకు అన్వయించండి. ఆ వ్యవస్థల్లో డిస్క్ పేరుతో గోల మొదలైనప్పుడు తప్పు డిస్క్‌ది కాకుండా దారిది అయ్యే అవకాశం దాదాపు సగానికి సగం ఉందన్నమాట. అలాంటప్పుడు ముందుగా డిస్క్‌ను పీకడం నిర్ధారణ అనిపించుకోదు.

6. ఒక కేసు పరిశీలన: 7, 30, 180

ఇప్పుడు ఊహ ఆచరణలో ఎలా దెబ్బతీస్తుందో చూద్దాం. చిన్న కార్యాలయాల్లో తరచుగా కనిపించే అమరిక ఇది: లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్, ఐదవ స్థాయి, నాలుగు డెస్క్‌టాప్ రకం డిస్కులు.

ఒక డిస్క్‌లో ఒక సెక్టారు సరిగా చదవడానికి రావడం లేదు. డెస్క్‌టాప్ డిస్క్ తన యజమానికి మరో ప్రతి ఉండదనే లెక్కతో తయారైంది. అందువల్ల అది పట్టు వదలదు. హెడ్‌ను అటూ ఇటూ జరిపి మళ్ళీ మళ్ళీ చదువుతుంది. ఈ ప్రయత్నం ఒక నిమిషం దాటిపోవచ్చు, రెండు మూడు నిమిషాలు కూడా కావచ్చు. ఆ సమయంలో అది వేరే ఏ మాటకూ పలకదు.

30 సెకన్లకు స్కజీ పొర ఓపిక అయిపోతుంది. ఆదేశాన్ని రద్దు చేయబోతుంది, లింకును రీసెట్ చేస్తుంది. డిస్క్ ఇంకా తన సెక్టారు దగ్గరే కుస్తీ పడుతోంది. చదవలేకపోయామన్న వార్త రెయిడ్ పొరకు చేరుతుంది. రెయిడ్ పొర తెలివైనదే. మిగతా మూడు డిస్కుల నుంచి ఆ సమాచారాన్ని లెక్కగట్టి, చెడిన సెక్టారు మీద తిరిగి రాయబోతుంది. డిస్క్ పలకదు కాబట్టి రాత విఫలమవుతుంది. రాత విఫలమైతే డిస్క్ చెడినట్టే అన్నది నియమం. శ్రేణి నుంచి దాన్ని తొలగిస్తుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు, ఒక్క సెక్టారు కోసం కోట్ల సెక్టార్లున్న డిస్క్ మొత్తం బయటికి పోయింది.

ఇదే చోట సర్వర్ రకం డిస్క్ ఉంటే? దానిలో దోష సవరణకు గడువు పెట్టే సదుపాయం ఉంటుంది. మామూలుగా ఆ గడువు 7 సెకన్లు. ఏడవ సెకనుకు అది 'ఈ సెక్టారు చదవలేకపోయాను' అని ఒప్పుకుంటుంది. రెయిడ్ పొర సమాచారాన్ని లెక్కగట్టి తిరిగి రాస్తుంది. డిస్క్ ఆ రాతను స్వీకరించి, అవసరమైతే ఆ సెక్టారుకు బదులు నిల్వలో ఉన్న మంచి సెక్టారును కేటాయిస్తుంది. ఎవరికీ ఏమీ తెలియకుండానే మరమ్మతు పూర్తయింది.

రెండు సందర్భాల్లోనూ లోపం ఒక్కటే, ఒక్క సెక్టారు. ఒకచోట డిస్క్ త్వరగా ఒప్పుకుంది, శ్రేణి నిలబడింది. మరోచోట ఒప్పుకోకుండా పోరాడింది, శ్రేణి కుంటుపడింది.

కథ ఇక్కడితో ఆగదు. కొత్త డిస్క్ పెట్టి రీబిల్డ్ మొదలుపెడతారు. రీబిల్డ్ అంటే మిగిలిన మూడు డిస్కులను మొదటి నుంచి చివరి దాకా చదవడం. ఎన్నడూ తాకని మూలల్లో దాగి ఉన్న చెడు సెక్టార్లు అప్పుడే బయటపడతాయి. 2007లో 15.3 లక్షల డిస్కులను 32 నెలల పాటు పరిశీలించిన అధ్యయనంలో 3.45 శాతం డిస్కుల్లో ఇలాంటి దాగిన దోషాలు కనిపించాయి. రెండవ డిస్క్‌లో అలాంటిది ఒకటి తగిలితే మళ్ళీ 30 సెకన్లు, మళ్ళీ టైమౌట్, మళ్ళీ తొలగింపు. ఐదవ స్థాయి శ్రేణి రెండు డిస్కుల నష్టాన్ని తట్టుకోలేదు. శ్రేణి ఆగిపోతుంది. నిజానికి సమాచారం దాదాపు అంతా డిస్కుల మీదే భద్రంగా ఉంది.

నిజమైన నష్టం ఈ తరువాత జరుగుతుంది. కంగారులో ఎవరో శ్రేణిని 'కొత్తగా సృష్టించే' ఆదేశం ఇస్తారు. డిస్కుల వరస గానీ, ముక్క పరిమాణం గానీ తేడా వస్తే ఉన్న సమాచారం చిందరవందర అవుతుంది. టైమౌట్ మింగనిదాన్ని మరమ్మతు మింగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

డిస్క్ 'చదవలేకపోయాను' అని త్వరగా ఒప్పుకోవడం శ్రేణికి ఎందుకు మేలు?

7. 'గడువు పెంచండి' అనే సలహా

ఈ సమస్యకు అందరూ చెప్పే చిట్కా గడువు పెంచడం. దీన్ని కూడా గుడ్డిగా తీసుకోకూడదు.

డిస్క్‌లో దోష సవరణ గడువును మార్చే వీలు ఉంటే, దాన్ని 7 సెకన్లకు పెట్టి సర్వర్ గడువును 30 సెకన్ల దగ్గరే ఉంచడం సరైన పని. చాలా డిస్కుల్లో విద్యుత్తు పోయి వస్తే ఈ అమరిక చెరిగిపోతుంది. కాబట్టి సర్వర్ మొదలైన ప్రతిసారీ దాన్ని తిరిగి పెట్టే ఏర్పాటు చేయాలి. ఆ వీలు లేని డిస్క్ అయితే గత్యంతరం లేక సర్వర్ గడువును 180 సెకన్లకు పెంచాలి. అప్పుడు డిస్క్ తన పోరాటం ముగించి, గెలుపో ఓటమో చెప్పేదాకా సర్వర్ ఆగుతుంది. దీని మూల్యం ఏమిటంటే, ఆ మూడు నిమిషాలూ ఆ శ్రేణి మీద ఆధారపడిన ప్రోగ్రాములు స్తంభించిపోవచ్చు. ఇంటి సర్వర్‌కు ఇది భరించదగినదే. టికెట్లు అమ్మే సర్వర్‌కు కాదు.

కేబులు వదులైనప్పుడు గడువు పెంచితే? లోపం అలాగే ఉండి, దాని కేక మాత్రం వినబడకుండా పోతుంది. నిల్వ శ్రేణికి రెండు దారులున్న పెద్ద వ్యవస్థల్లో గడువు పెంచడం ఇంకా హాని చేస్తుంది. మొదటి దారి పనిచేయడం లేదని త్వరగా తెలిస్తేనే కదా రెండవ దారికి మళ్ళగలిగేది!

అందుచేత గుర్తుంచుకోవలసిన నియమం సంఖ్య కాదు, వరస. లోపలి పొర గడువు ఎప్పుడూ బయటి పొర గడువు కంటే తక్కువగా ఉండాలి. డిస్క్ 7 సెకన్లలో తేల్చాలి. సర్వర్ 30 సెకన్లు ఆగాలి. పైన ఉన్న అప్లికేషన్ అంతకంటే ఎక్కువ ఆగాలి. ఈ వరస తప్పిన చోట పైవాడు కిందివాడి జవాబు వినకుండానే తీర్పు చెప్పేస్తాడు.

8. దోష నిర్ధారణ క్రమం

ఇంతవరకు చేసిన విమర్శ నుంచి ఒక పనిక్రమం తేలుతుంది. దీన్ని కంఠస్థం చేయకండి. ప్రతి మెట్టుకూ కారణం తెలుసుకోండి.

మొదటి మెట్టు: దేన్నీ ముట్టుకోకండి. లాగ్‌ను, శ్రేణి ప్రస్తుత స్థితిని, ప్రతి డిస్క్ సీరియల్ సంఖ్యను, అది ఏ అరలో ఉందో నకలు తీసుకోండి. తప్పుడు డిస్క్‌ను పీకే ప్రమాదం ఈ ఒక్క పనితో తగ్గుతుంది.

రెండవ మెట్టు: ఎన్ని డిస్కులు ఫిర్యాదులో ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకే డిస్క్, ఒకే సెక్టారు ప్రాంతం మళ్ళీ మళ్ళీ కనిపిస్తే డిస్క్‌ను అనుమానించండి. ఒకే క్షణంలో పలు డిస్కులు గడువు దాటితే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించండి. అది కేబులు కావచ్చు, బ్యాక్‌ప్లేన్ కావచ్చు, కంట్రోలర్ కార్డు కావచ్చు, విద్యుత్ సరఫరా కావచ్చు.

మూడవ మెట్టు: స్మార్ట్ వివరాల్లో మూడు సంఖ్యలు చూడండి. 5వ అంశం ఇప్పటికే మార్చిన సెక్టార్లను, 197వ అంశం అనుమానంలో ఉన్న సెక్టార్లను చూపుతాయి. ఇవి పెరుగుతుంటే తప్పు డిస్క్‌లో ఉంది. 199వ అంశం దారిలో చెదిరిన సమాచారాన్ని లెక్కిస్తుంది. ఇది పెరుగుతూ మిగతా రెండూ సున్నా దగ్గర ఉంటే కేబులు మార్చి చూడండి. ఈ లెక్క వెనక్కి తగ్గదు. కాబట్టి ఉన్న సంఖ్యను కాక పెరుగుదలను గమనించాలి.

నాలుగవ మెట్టు: వేళను చూడండి. బ్యాకప్ వేళకో, నెలవారీ స్క్రబ్ వేళకో మాత్రమే టైమౌట్లు వస్తుంటే భారాన్ని లెక్కలోకి తీసుకోండి. ట్రాకులను ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పేర్చి రాసే ఎస్‌ఎంఆర్ రకం డిస్కులు రీబిల్డ్ వంటి ఎడతెగని రాతలప్పుడు బాగా నెమ్మదిస్తాయి.

ఐదవ మెట్టు: ఒక్కసారికి ఒక్కటే మార్చండి. కేబులూ డిస్కూ ఒకేసారి మారిస్తే సమస్య పోయినా కారణం తెలియదు. అది మళ్ళీ వచ్చినప్పుడు మీరు మొదటి మెట్టు దగ్గరే ఉంటారు.

శ్రేణి ఇప్పటికే ఆగిపోయి ఉంటే ముందుగా డిస్కుల పూర్తి ప్రతులు తీసి, ప్రతుల మీదే ప్రయత్నాలు చేయండి. ఏ డిస్క్ ఎప్పుడు వెనుకబడిందో దానిమీది సంఘటనల లెక్క చెబుతుంది. కొత్తగా సృష్టించే ఆదేశం జోలికి వెళ్ళకండి. ఇక శ్రేణి ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే నెలకొకసారి స్క్రబ్ నడపండి. దాగిన చెడు సెక్టార్లను రీబిల్డ్ కంటే ముందే అది బయటపెట్టి బాగుచేయిస్తుంది.

9. తుది అంచనా

రెయిడ్ పత్రం విలువ ఈ విమర్శ వల్ల తగ్గదు. చవకైన భాగాలతో నమ్మదగిన వ్యవస్థను కట్టవచ్చునని లెక్కలతో నిరూపించిన పత్రం అది. దాని లోటు ఒక్క చోట ఉంది. బాగున్న డిస్క్‌కూ చెడిన డిస్క్‌కూ మధ్య జవాబు ఆలస్యమయ్యే డిస్క్ ఉంటుందన్న సంగతికి దాని నమూనాలో చోటు లేదు. ఈ లోటును 2001లోనే ఆండ్రియా, రెంజీ ఆర్పాచి-డూసో గుర్తించారు. పనిచేస్తూనే తడబడే భాగాలకు ప్రత్యేకమైన నమూనా కావాలని వాదించారు. నేటి వ్యవస్థలు కొన్ని ఆ దారిన నడుస్తున్నాయి. డిస్క్ నెమ్మదిస్తే దాన్ని తొలగించకుండా, ఆ ఒక్క కోరికకు మిగతా డిస్కుల నుంచి జవాబు లెక్కగట్టి ఇస్తాయి.

నా అభిప్రాయంలో ఈ పత్రాన్ని నేటి విద్యార్థి చదవవలసింది స్థాయిల జాబితా కోసం కాదు. 'కంట్రోలర్‌కు తెలుసు' అన్న వాక్యం కోసం చదవాలి. రేపు మీరు ఒక కార్యాలయంలో సర్వర్ బాధ్యత తీసుకుంటారు. లాగ్‌లో ఒక డిస్క్ పేరు కనిపిస్తుంది. దానికి నిజంగా తెలుసా, ఊహిస్తున్నదా అని అడిగి, ఆ తరువాతే అరలో చేయి పెట్టండి.

సారాంశం

టైమౌట్ అంటే నిర్ణీత సమయంలో జవాబు అందలేదని అర్థం. కారణం డిస్క్‌లో గానీ, దారిలో గానీ, భారంలో గానీ ఉండవచ్చు. 1988 నాటి రెయిడ్ పత్రం డిస్క్‌కు రెండే స్థితులని, వైఫల్యాలు స్వతంత్రమని, చెడిన డిస్క్ కంట్రోలర్‌కు తెలుసునని ఊహించింది. తరువాతి అధ్యయనాలు ఈ ఊహలకు హద్దులు చూపాయి. లోపలి గడువు బయటి గడువు కంటే తక్కువగా ఉంచడం, ఆధారాలు చూశాకే మార్పు చేయడం, నెలవారీ స్క్రబ్ నడపడం శ్రేణిని కాపాడతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

1. ఆ డిస్క్‌కు పంపిన ఒక ఆదేశానికి నిర్ణీత గడువులో జవాబు అందలేదని మాత్రమే చెప్పగలం.
2. రెయిడ్ పొర మిగతా డిస్కుల నుంచి సమాచారాన్ని లెక్కగట్టి చెడు సెక్టారు మీద తిరిగి రాయగలుగుతుంది. డిస్క్ శ్రేణిలోనే ఉంటుంది.

నమూనా పరీక్ష ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. రెయిడ్ పత్రంలోని మూడు ఊహలను క్షేత్ర అధ్యయనాల వెలుగులో విమర్శించండి.
2. ఒక్క చెడు సెక్టారు వల్ల ఐదవ స్థాయి శ్రేణి మొత్తం ఆగిపోయే క్రమాన్ని వివరించి, నివారణ మార్గాలను సూచించండి.

ఆ. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. 'గడువు పెంచడం అన్ని టైమౌట్లకూ మందు కాదు.' చర్చించండి.
2. స్మార్ట్ వివరాల్లో 197వ, 199వ అంశాలు వేర్వేరు దోషస్థానాలను ఎలా సూచిస్తాయి?